పక్కన వదిలిన చోటు

అక్టోబరు 14

ముందుగా నా తెలుగు పేదదని ఒప్పుకుంటున్నాను. ఎవరూ చదవని రాతకు క్షమాపణ ఎందుకని అడిగేవారు ఇక్కడ లేరు; అయినా మర్యాద మర్యాదే. పగలంతా మోటార్లు విప్పి, పొద్దుపోయాక రాత్రి బడిలో కూర్చుని, ముప్పై తొమ్మిదో ఏట డిగ్రీ పూర్తి చేసినవాడి భాషలో ఎక్కడో ఒకచోట గ్రీజు మరక ఉండి తీరుతుంది. వాకాడు సెంటరులో "హెబ్రోను, బి.ఏ., మోటార్ వైండింగ్ వర్క్స్" అని బోర్డు రాయించినప్పుడు నవ్వినవారున్నారు. బోర్డు నేటికీ ఉన్నది.

నేడు నా భార్య కరుణాకుమారిని నెల్లూరు ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చాము. గర్భసంచిలో మొదలైన వ్యాధి కాలేయానికి ఎక్కింది. డాక్టరు గారు నన్ను వరండాలోకి పిలిచి, ఇక ఇక్కడ చేయగలిగినది లేదు, నొప్పి తెలియకుండా చూసుకోండి, క్రిస్మసు దాకా ఉంటే గొప్ప అన్నారు. నేను ఆయనకు ధన్యవాదాలు చెప్పాను. నా గొంతు స్థిరంగానే ఉన్నది.

కారు కోట ఊరు దాటిన తరువాత కరుణ కళ్ళు తెరిచింది.

"ఏమయ్యా, నన్ను డెబోరా పక్కన పెట్టు. ఇంకేమీ అడగను నిన్ను."

సరే అన్నాను.

డెబోరా మా కుమార్తె. మూడేళ్ళ కిందట విషజ్వరంతో పోయింది. పంతొమ్మిదేళ్ళు.

అక్టోబరు 16

కరుణ చెల్లెలు క్యాథరిన్ దొరవారిసత్రం నుండి వచ్చింది. ఇక్కడే ఉండి చూసుకుంటానన్నది. మంచి మనిషి, నోరు మాత్రం ఆగదు. నా అలమరలోని బౌద్ధం పుస్తకాల దుమ్ము దులుపుతూ, "ఇన్ని చదివి నువ్వు కనుక్కున్నది ఏంది బావా, నువ్వు లేవనా? మరి పొద్దున నాలుగు ఇడ్లీలు ఎవరు తిన్నట్టు?" అన్నది. కరుణ మంచం మీద నవ్వింది. నొప్పి పుట్టి ఆపుకున్నది.

ఆ ప్రశ్నకు జవాబున్నది. క్యాథరిన్ స్థాయికి దించి చెప్పడం కష్టమని ఊరకున్నాను.

అక్టోబరు 20, ఆదివారం

అందరూ గుడికి పోయే వేళకు నేను నెల్లూరు బస్సు ఎక్కాను. మూడేళ్ళుగా ఇదే క్రమం. జ్ఞానప్రకాశం గారు రిటైరైన లెక్కల మాస్టరు. ఆయన మిద్దె మీద అయిదారుగురం కూర్చుని బౌద్ధం చదువుతాము. డెబోరాను పూడ్చిన తరువాత జరిగిన ఆదరణ కూడికలో మా గుడి పాస్టరు జడ్సన్ అయ్యగారు, దేవునికి ఆ బిడ్డ అవసరమై తీసుకున్నాడని ప్రసంగించారు. ఆ మరుసటి ఆదివారం నేను ఈ మిద్దె మెట్లెక్కాను. అక్కడ నాకు దొరికిన మాట అనాత్మ.

నేను దాన్ని నా వృత్తితో అర్థం చేసుకున్నాను. కాలిన మోటారు నా దగ్గరకు వస్తుంది. మాడిన రాగి తీగ కోసి పారేస్తాను, కొత్తది చుడతాను. బేరింగులు మారుస్తాను. మరుసటి ఏడు ఉప్పుగాలికి బాడీ తుప్పు పట్టి అదీ మారుతుంది. అయినా రొయ్యల గుంట ఆసామి వచ్చి "నా మోటారు అయిందా" అంటాడు. ఏది ఆయన మోటారు? విప్పి బల్ల మీద పరిస్తే తీగ ఉన్నది, ఇనుము ఉన్నది, వార్నిష్ ఉన్నది. మోటారు అనే వస్తువు విడిగా ఎక్కడా లేదు. అన్నీ కూడి తిరుగుతున్నంత సేపు ఆ పేరు. మనిషీ అంతే. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం అనే అయిదూ కూడి తిరుగుతాయి. మనం ఒక పేరు పెట్టి పిలుస్తాము. ఆగిన రోజున పోయినవారంటూ ఎవరూ లేరు, ఎందుకంటే లోపల ఉండినవారంటూ ఎవరూ లేరు.

ఇది అర్థమైన నాటి నుండి నాకు దుఃఖం లేదు. డెబోరా కోసం నేను ఏడవలేదని సంఘంలో కొందరు రాతిగుండె అన్నారు. వారికి తెలియదు.

ఆ అవగాహనతోనే డెబోరా సమాధి దిబ్బ మీద శిలువ వద్దన్నాను, పేరు వద్దన్నాను. "లేని వ్యక్తి పేరు చెక్కించి రాయిని మోసం చేయను" అన్నాను. ఆ వాక్యం నాకు ఇప్పటికీ నచ్చుతుంది. అయ్యగారు వాదించలేదు. కరుణ కూడా వాదించలేదు. ఆమె సముద్రం ఒడ్డున తెల్ల గవ్వలు ఏరి తెచ్చి దిబ్బ చుట్టూ గుచ్చిందని తరువాత విన్నాను. అభ్యంతరం చెప్పలేదు. పూడ్చిన రోజు తప్ప నేను మళ్ళీ ఆ సమాధుల తోటకు పోలేదు. పోవలసిన కారణం లేదు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉన్నది. ఎవరిని పూడ్చినా పక్కన ఇంకొక మనిషికి చాలినంత చోటు వదులుతారు. అది ఆ ఇంటివారిది. వేరెవరూ ముట్టుకోరు. డెబోరా పక్కన కూడా వదిలారు. కరుణ అడిగింది ఆ చోటే.

నవంబరు 2

సమాధుల పండుగ. మూడేళ్ళుగా కరుణే పోయేది. ఈసారి పడుకునే క్యాథరిన్ చేత చామంతులు గుచ్చించి, కొవ్వొత్తుల పొట్లం నా చేతికిచ్చి, "ఈ ఒక్క తూరి నువ్వు పోయి పెట్టి రా" అన్నది. కాదనడం మొరటుతనం అవుతుంది. బయలుదేరాను.

తోట స్వర్ణముఖి ఏటి ఒడ్డున ఇసక తిప్ప మీద ఉన్నది. గేటు దగ్గర సంఘం అంతా ఉన్నారు. కొత్త సున్నం వాసన. నేను పూలబుట్టతో కనబడగానే ఇద్దరు ముగ్గురు మాట ఆపారు. ఆ చూపులో జాలి లేదు, గెలుపు ఉన్నది. మూడేళ్ళ కిందట నేను అన్న మాట వారందరికీ గుర్తున్నదని నాకు తెలిసింది. లోపలికి పోతున్న ఒక ఇల్లాలికి బుట్ట ఇచ్చి, గవ్వలు గుచ్చిన దిబ్బ మీద పెట్టమని చెప్పి తిరిగి వచ్చాను. పూలు చేరవలసిన చోటికి చేరాయి. ఎవరి చేత చేరాయన్నది ముఖ్యం కాదు.

"పెట్టినావా?" అన్నది కరుణ, నేను ఇంట్లో అడుగు పెట్టగానే.

పెట్టినానన్నాను.

"గవ్వలు ఉండాయా? ఒకటీ అరా ఊడిపోతుంటాయి."

అన్నీ ఉన్నాయని చెప్పాను. కరుణ నా చెయ్యి పట్టుకున్నది. చాలా సేపు వదల్లేదు.

నవంబరు 3

పని చేశాను.

నవంబరు 29

తుఫాను. కరెంటు లేదు. ఏరు పొంగింది.

డిసెంబరు 1

ఇంకా వాన. రొయ్యల గుంటల కట్టలు తెగాయి. గుంటల నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లు వరదలో మునిగి షాపు ముందు గుట్ట పడ్డాయి. మా అబ్బాయి బెన్హర్ తడ దగ్గర ఫ్యాక్టరీలో చిక్కుకుపోయాడు, రోడ్డు లేదు. కరుణ నొప్పికి మార్ఫిన్ బిళ్ళ పెంచారు.

డిసెంబరు 4

గుంతలు తవ్వే మాలకొండయ్యను వెంటబెట్టుకుని తోటకు పోయాను. అవసరం వచ్చినప్పుడు వెతుక్కోకుండా ముందే చోటు చూపిద్దామని. నేను ఏ పనీ చివరి నిమిషానికి పెట్టుకోను.

ఏరు తిప్ప మీదుగా పోయింది. సిమెంటు సమాధులు నిలిచాయి. చివరి వరుస కట్టుబడి లేని దిబ్బలది. మూడు ఉన్నాయి, మూడూ కుంగి, తడి ఇసక కప్పుకుని, ఒకే మాదిరి. ఒకటి దిక్కులేక పోయిన ప్రమీలమ్మది. ఆమె కొయ్య శిలువను నీళ్ళు పీక్కుపోయాయి. ఒకటి రెండేళ్ళ కిందట సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎవరో మనిషిది. ఎవరూ రాకపోతే అయ్యగారే ప్రార్థన చేసి పూడ్పించారు. ఒకటి మాది.

"ఏది అన్నా, నీ బిడ్డది?" అన్నాడు మాలకొండయ్య.

"ఈ వరుసే."

"వరస నాకూ తెలుసు. ఏదని అడగతుండా."

నువ్వే కదా తవ్వినావు, నీకు తెలియదా అన్నాను. అతను తల గోక్కున్నాడు. ఈ తిప్ప మీద తవ్వినవి ఎన్నని గుర్తు పెట్టుకునేది, కరుణక్క గుచ్చిన గవ్వలు చూసే ఇది ఫలానా అనుకునేవాణ్ణి, ఇప్పుడు చూడు అని చెయ్యి చూపాడు. వరద తెచ్చిన గవ్వలు తిప్ప నిండా పరచుకుని ఉన్నాయి. ఎక్కడ చూసినా తెల్లగా.

"అక్కనడుగు. ఆమెకు తెలవకుండా ఉంటదా."

మళ్ళీ చెప్తానని పంపేశాను. కొంతసేపు అక్కడే నిలబడ్డాను. పూడ్చిన రోజు నేను ఎక్కడ నిలబడ్డానో జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించాను. అయ్యగారి బైబిలు జ్ఞాపకం ఉన్నది. ఆ తరువాత రాయిని గురించి నేను అన్న వాక్యం జ్ఞాపకం ఉన్నది. చోటు లేదు.

ఇంటికి వచ్చాక కరుణ అడిగింది. చోటు చూసి వచ్చాను, బాగున్నది అని చెప్పాను.

డిసెంబరు 5

సిద్ధాంతం ప్రకారం ఇది సమస్య కాదు. మూడు దిబ్బలలోనూ ఇసకా ఎముకలే. నా కుమార్తె అనదగినది ఏ ఒక్క దానిలోనూ లేదు. కాబట్టి ఏ దిబ్బ పక్కనైనా ఒకటే. వాదన సరిగా ఉన్నది. రెండు సార్లు చూసుకున్నాను.

బెన్హర్‌కు ఫోను చేసి, మాటల మధ్యలో, చెల్లెలి చోటు నీకు గుర్తే కదా అన్నాను. "అమ్మ గవ్వలు పెట్టిన కాడే కదా నాయనా" అన్నాడు.

సంఘంలో ఎవరిని అడిగినా ఆ గవ్వల గుర్తే చెప్తారు; నేను అడిగిన సంగతి మాత్రం అందరికీ తెలుస్తుంది. నిద్ర లేదు.

డిసెంబరు 8, ఆదివారం

నెల్లూరు పోయాను. అందరూ దిగిపోయాక జ్ఞానప్రకాశం గారికి విషయం చెప్పాను, వేరే ఎవరికో జరిగినట్టు. ఆయన లెక్కల మాస్టరు. ఎవరికని అడగలేదు.

ఆత్మ లేనప్పుడు ఏ దిబ్బ అయితేనేమి, ఆ మనిషి ఎందుకు బాధపడాలి అని నిలదీశాను. ఆయన కాఫీ తాగడం ముగించి గ్లాసు కింద పెట్టారు.

"ఆత్మ ఉందా అని ఒకడు వచ్చి అడిగితే బుద్ధుడు మాట్లాడలేదంట. లేదా అంటే దానికీ మాట్లాడలేదు. మనం పోయినేడు చదువుకున్నాం."

గుర్తున్నదన్నాను.

"ఆయన ఊరకున్న కాడ నువ్వు మాట్లాడినావు, హెబ్రోను."

నేను సమాధానం ఇవ్వగలను. అడిగినవాడు గందరగోళ పడతాడని బుద్ధుడు ఊరకున్నాడే గాని తెలియక కాదు. చెప్పబోయాను. మాస్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, ఇంటికి పో, ఆమె ఉండగానే అడుగు అన్నారు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. అడిగితే మూడేళ్ళుగా నేను అక్కడికి పోలేదని తెలుస్తుంది. పండుగ నాటి పూల సంగతి తెలుస్తుంది. చావబోయే మనిషికి ఆ బాధ ఎందుకు? అడగకపోవడమే దయ.

డిసెంబరు 10

రేపు అడుగుతాను.

డిసెంబరు 11

క్యాథరిన్ గది వదలలేదు. నాలుగు మోటార్లు చుట్టాను.

డిసెంబరు 12

కరుణ మేలుకుని ఉన్నది. గుడిలో పాడే పాట ఒకటి లోలోపల కూనిరాగంగా పాడుకుంటున్నది. చెడగొట్టడం భావ్యం కాదనిపించింది.

డిసెంబరు 13

అడిగాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం క్యాథరిన్ మందుల షాపుకు పోయింది. నిమ్మకాయ నీళ్ళు చెంచాతో తాగిస్తూ, ఏదో చిన్న విషయం అన్నట్టు, తోటలో డెబోరాది ఏటి పక్క నుంచి ఎన్నోది అన్నాను. వరదకు ఇసక మేట వేసిందని కూడా చెప్పాను.

కరుణ చెంచాను పెదవుల దగ్గరే ఆపింది.

"పండగ నాడు పూలు పెట్టినావు కదా నువ్వు."

నేను గ్లాసు కింద పెట్టాను.

"లోపలికి పోలేదా?"

"గేటు దాకా పోయినాను."

కోపం వస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండూ కాలేదు. ఆమె ముఖంలోకి ఒక విధమైన అలసట వచ్చింది, నేను ఏళ్ళ తరబడి చూసి కూడా పేరు పెట్టని అలసట.

"నువ్వే కదయ్యా చెప్పినావు, ఆడ ఎవరూ లేరని. ఎవరూ లేనిదానికి ఎన్నోదైతే ఏంది?"

నా మాటే. నా మాటను నాకంటే చక్కగా చెప్పింది. చెవులు వేడెక్కాయి. నేను వాదనకు రాలేదని లేచాను. తలుపు దాకా పోయాక వెనక నుండి పిలిచింది.

"కూర్చో. చెప్తా."

సాయంత్రం చెబుదువులే, ఇప్పుడు విశ్రాంతి తీసుకో అన్నాను. షాపులో అర్జెంటు ఏరియేటరు ఒకటి ఉన్నది. నిజంగానే ఉన్నది. రాత్రికల్లా కావాలని ఆసామి రెండు సార్లు ఫోను చేశాడు.

తిరిగి వచ్చేటప్పటికి నొప్పి ఎక్కువై క్యాథరిన్ బిళ్ళ వేసిందట. నిద్రపోతున్నది.

డిసెంబరు 14

లేవలేదు. కళ్ళు తెరుస్తున్నది గాని గుర్తు పట్టడం లేదు. డాక్టరుకు ఫోను చేస్తే, ఇక ఇంతే, దగ్గర ఉండండి అన్నారు.

డిసెంబరు 15

బెన్హర్ వచ్చాడు.

డిసెంబరు 16

కరుణ కుడి చెయ్యి దుప్పటి మీద కదులుతున్నది. రెండు వేళ్ళతో ఏదో పట్టుకుని గుచ్చుతుంది. కొంచెం జరిపి మళ్ళీ గుచ్చుతుంది. ఒకదాని పక్కన ఒకటి, గుండ్రంగా. "ఏం చేస్తుందో పాపం" అన్నది క్యాథరిన్. నాకు తెలుసు. చెప్పలేదు.

చెవి దగ్గరకు వంగి ఎన్నోది కరుణా అన్నాను. ఏటి పక్క నుంచి ఎన్నోది. చాలా సార్లు అడిగాను. బెన్హర్ వచ్చి, అమ్మను అట్టా విసిగించొద్దు నాయనా అని నన్ను లేపాడు.

డిసెంబరు 17

చెయ్యి ఆగింది.

డిసెంబరు 18

మధ్యాహ్నం కరుణ పోయింది. పోయినవారు ఎవరు అని అడగగలిగినవాడు ఈ ఇంట్లో ఒకడు ఉండేవాడు. నేడు అతను నోరు తెరవలేదు.

డిసెంబరు 19

మాలకొండయ్య పార భుజాన వేసుకుని తోటలో నిలబడి ఉన్నాడు. వెనక పెట్టె వస్తున్నది. "యాడ అన్నా?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది, తండ్రిని.

ఏటి పక్క నుండి మొదటి దిబ్బకూ రెండో దిబ్బకూ మధ్య వదిలిన చోటు చూపాను. అక్కడైతే రెండు దిబ్బలకు పక్కన అవుతుంది. మూడింటిలో రెండు. అలా లెక్క వేశాను. భార్యను పూడ్చే చోట నిలబడి లెక్క వేశాను.

మాలకొండయ్య నన్ను ఒక క్షణం చూశాడు. అక్క చెప్పిందన్నమాట అని గొణిగి తవ్వడం మొదలుపెట్టాడు.

తల్లి బిడ్డ పక్కకు చేరుకున్నదని జడ్సన్ అయ్యగారు ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. బెన్హర్ ఏటి పక్క దిబ్బను చెల్లెలిదని తనకు తానే నిశ్చయించుకుని దాని మీద బోర్లా పడి ఏడ్చాడు. నేను ఆపలేదు. అది ప్రమీలమ్మ కావచ్చు. ఊరూ పేరూ తెలియని ఆ మనిషి కావచ్చు. వారిద్దరి కోసం ఇంతవరకు ఎవరూ ఏడవలేదు.

అప్పుడు నాకూ ఏడుపు వచ్చింది. మూడేళ్ళది. మోకాళ్ళ మీద కూలబడ్డాను. నేను ఎవరి కోసం ఏడుస్తున్నానో విడదీసి రాయలేను. క్యాథరిన్ నన్ను లేపి, కొంగుతో ముఖం తుడిచి, "బావా, నువ్వు ఉండావులే" అన్నది. ఎగతాళి చేయలేదు.

జనవరి 5, ఆదివారం

నెల్లూరు పోలేదు. గుడికీ పోలేదు. పార తీసుకుని తోటకు పోయాను. తవ్వి చూద్దామా అని. చాలా సేపు నిలబడ్డాను. తవ్వితే ఎముకలు కనబడతాయి. ఎముకలు ఎవరివో చెప్పవు. పారతో మూడు దిబ్బలకూ ఇసక ఎత్తి సరిచేసి వచ్చాను.

ఆత్మ ఉన్నదో లేదో నాకు ఇప్పుడు తెలియదు. తెలుసునని ఇక రాయను. నేను చదివినది తప్పు కాకపోవచ్చు. తప్పు చదివినవాడిది. ఆ చదివినవాడు నేను.

జనవరి 6

ఇక ఈ పుస్తకంలో రాయవలసినది ఒకటే. దీన్ని తరువాత చదవవలసినవాడు బెన్హర్. నేను బ్రతికి ఉండగా కాదు. నన్ను ఇంట్లో పడుకోబెట్టిన రోజున, తోటకు తీసుకుపోక ముందే చదువు.

నాయనా, నువ్వు ఏడ్చిన దిబ్బ నీ చెల్లెలిదో కాదో నాకు తెలియదు. అమ్మకు తెలుసు. అమ్మ చెప్తానన్న రోజు నేను వినలేదు.

నన్ను రెండో దిబ్బకూ మూడో దిబ్బకూ మధ్య ఉన్న చోట పెట్టించు. అది వేరే ఇంటివారి చోటే కావచ్చు. ఆ ఇంటివారు ఎవరూ రారు. అప్పుడు వరుసగా దిబ్బ, అమ్మ, దిబ్బ, నేను, దిబ్బ. డెబోరా మూడింటిలో ఎక్కడ ఉన్నా మా ఇద్దరిలో ఒకరి పక్కన ఉంటుంది. దీనికి మించి లెక్క నాకు కుదరలేదు.

నా మీద పేరు రాయించు. బి.ఏ. అక్కర లేదు. సమాధుల పండుగకు పోయినప్పుడు పూలు అయిదింటికీ పెట్టు, గేటు దగ్గర ఎవరికీ ఇవ్వకు.

నువ్వు చదివిన తరువాత దీన్ని క్యాథరిన్ పిన్నికి ఇవ్వు. ఆమె నన్ను తిడుతుంది. తిట్టనివ్వు.